సగం గ్లాసు టీ

నోట్‌బుక్ పట్టుకుని వచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. తాళంచెవి కావాల్సినవాడు పాత తాళంచెవి తెస్తాడు, లేదా తాళాన్నే ఊడబీకి తెస్తాడు. నోట్‌బుక్ తెచ్చేవాడికి మన దగ్గర ఏం కావాలో వాడికే తెలియదు. తిప్పి తిప్పి అడుగుతాడు, చివరికి మనం చెప్పకూడనిది ఒకటి పట్టుకుపోతాడు. ఇప్పుడింత తెలివిగా మాట్లాడుతున్నాను గానీ, ఆ చెప్పకూడనిది చెప్పింది నేనే.

మేం కూర్చునేది బస్టాండు గోడ వెంబడి ఉన్న ఫుట్‌పాత్ మీద. మున్సిపల్ ఆఫీసువాళ్ళు పసుపు రంగుతో గడులు గీసి నంబర్లు వేశారు. మనిషి పడుకుంటే కాళ్ళు బయటికొస్తాయి, అంతే చోటు. పదకొండో గడి నాది. తాళంచెవులు చేస్తాను, బిగుసుకుపోయిన తాళాలు తీస్తాను. ఈ పని నాకు నేర్పింది మా మామగారు. ఆయన కొడుక్కి ఆకురాయి పట్టుకోవడం చేతకాక బస్సు డిపోలో వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు, కోడలికి వచ్చింది. మామగారు మొదటిరోజు చెప్పిన పాఠం ఒక్కటే. "ఏ చెవి ఏ తలుపుదో నీ పక్కలో పడుకున్నవాడికి కూడా చెప్పకమ్మా." ఆ పక్కలో పడుకునేవాడు ఆయన కొడుకే అని ఆయనకి తట్టినట్టు లేదు. ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాను.

పన్నెండో గడి గొడుగుల బాబాయిది. చుట్టరికం ఏమీ లేదు, వయసుని బట్టి బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను, ఆయన పలికాడు. విరిగిన ఊచలు సరిచేస్తాడు, చిరిగిన గుడ్డ కుడతాడు. ఇటుపక్క పదో గడిలో సాక్సుల వదిన. నాకూ ఆవిడకీ క్షణం పడదు. ఆవిడ పట్టా మీద నీళ్ళు నా వైపుకే కారతాయి, నా ఆకురాయి చప్పుడు ఆవిడ తలకే ఎక్కుతుంది. పొద్దున్నే ఒకసారి తిట్టుకుంటేగానీ ఇద్దరికీ బేరం మొదలైనట్టుండదు.

ప్రతి సోమవారం పది గంటలకి రిజిస్టరు సారు వస్తాడు. ఆఫీసు మనిషి, చంకలో పొడుగు పుస్తకం, మొహంలో నవ్వన్నది ఉండదు. ఒక్కొక్క గడి దగ్గరా ఆగి, మనిషి ఉంటే టిక్కు పెడతాడు, లేకపోతే సున్నా చుడతాడు. వరసగా మూడు సున్నాలు పడితే గడి పోయినట్టే. పేరున్న మనిషే కూర్చోవాలి, భార్యో కొడుకో కూర్చుంటే చెల్లదు. జబ్బు చేస్తే సెలవు లేదా అంటారేమో. ఆ మూడు సున్నాలే సెలవు, ఇరవై ఒక్క రోజులు. తుంటి ఎముకకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

బాబాయి వాళ్ళింటి మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి, ఆర్నెల్లు లేవకూడదన్నారు. అదుగో, అప్పటినుంచి మా వరసలో గ్లాసు పెట్టడం మొదలైంది.

గ్లాసు పెట్టడం మాకు కొత్త కాదు. ఎవరికైనా ఒకపూట అవసరమొస్తే పక్కవాళ్ళు స్టూలు వేసి, దాని పక్కన సగం తాగినట్టు టీ గ్లాసు పెడతారు. సారు అడిగితే, "ఇప్పుడే లేచాడు సారూ, నీళ్ళకి వెళ్ళాడు" అంటారు. నిండు గ్లాసు పెట్టకూడదు, ఎవరికోసమో ఉంచినట్టుంటుంది. ఖాళీది పెడితే తాగి వెళ్ళిపోయినట్టు. సగమే ఉండాలి. టీ మీద మీగడ కడితే మనిషి లేచి చాలాసేపయిందని తెలిసిపోతుంది కాబట్టి, మధ్యమధ్యలో కదుపుతూ ఉండాలి. ఇష్టమున్నవాళ్ళకి పెట్టడం, లేనివాళ్ళకి మానెయ్యడం ఉండదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు సాక్సుల వదినే పెట్టింది, పెట్టి, నేను తిరిగొచ్చాక నెలరోజులు దెప్పింది.

ఒక పూటకి పెట్టే గ్లాసుని బాబాయికి నెలల తరబడి పెట్టాం. స్టూలు నేను వేసేదాన్ని. టీ వదిన ఫ్లాస్కులోంచి. సగం విప్పిన గొడుగు ఒకటి, దానికి సూది వేలాడుతూ. ఆ సూదిని రోజుకో ఊచ దగ్గరికి జరిపేదాన్ని, లేకపోతే పని కదలనట్టుంటుంది కదా. జనం గొడుగులు తెచ్చి ఇస్తే తీసుకుని, సాయంత్రం బాబాయి ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని కుట్టేవాడు. మర్నాడు మళ్ళీ నేనే తెచ్చి ఇచ్చేదాన్ని. మా ఇంట్లో, "నీకు తాళాలు చాలక గొడుగులు కూడానా?" అని మా ఆయన సణిగేవాడు. సణగనీ అనుకున్నాను.

ఇదీ పరిస్థితి. ఇందులోకి దిగింది ఆ నోట్‌బుక్ అమ్మాయి.

ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల బూట్లు, భుజానికి గుడ్డసంచి. ఊరికి కొత్త. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఊరిగురించి పుస్తకం వేసే ఆఫీసులో చేరిందట. "ఒక ఊరు అర్థం కావాలంటే ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్ళతో మాట్లాడాలి ఆంటీ" అంది మొదటిరోజే. నన్ను వరసంతా అక్కా అంటుంది, జుట్టు నెరిసిన పళ్ళబండివాడితో సహా. ఈవిడకి ఆంటీనట.

"తాళంచెవి కావాలా?" అన్నాను.

"కాదండీ, ఊరికే మాట్లాడదామని."

"ఊరికే మాట్లాడ్డానికి ఇంట్లో మా ఆయన ఉన్నాడు."

నవ్వింది. నేనేమీ నవ్వించడానికి అనలేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. సాక్సుల వదిన మాత్రం పండగ చేసుకుంది. తనకి చదువు మీద ఎంత ఆశ ఉండేదో, పెళ్ళి అడ్డమొచ్చి ఎలా ఆగిపోయిందో వలవలా ఏడుస్తూ చెప్పింది. ఆ చదువేదో ఇరవై రెండేళ్ళలో మేమెవరం వినలేదు. అమ్మాయి పేజీలకి పేజీలు రాసుకుంది. నా దగ్గరికొచ్చి, "ఈ పని చేస్తుంటే మీకేమనిపిస్తుంది?" అని అడిగింది. "వెలుతురుకి అడ్డం నిలబడ్డావనిపిస్తుంది, తప్పుకో" అన్నాను. అది కూడా రాసుకుంది.

మూడోవారంలో ఒక గురువారం. ఒక బీరువా తాళంచెవికి పళ్ళు దిద్దుతూ తలొంచుకుని ఉన్నాను. తలెత్తేసరికి ఆ అమ్మాయి బాబాయి స్టూలు మీద కూర్చుని ఉంది. గ్లాసు చేతిలో ఉంది. టీ కాలవలో పారబోసి, రుమాలుతో గ్లాసు తుడుస్తోంది.

"ఈగలు వాలుతున్నాయి ఆంటీ. శుభ్రం చేశాను" అంది.

"లే!" అని అరిచాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగారు. "ముందు లే ఆ స్టూలు మీంచి. ఎవర్నడిగి ముట్టుకున్నావు? నీ అత్తగారిల్లనుకున్నావా?"

లేచింది. మొహం ఎర్రబడింది గానీ పారిపోలేదు. ఆ పిల్ల మొండితనం ఒప్పుకోవాలి. "సారీ. ఇది ఎవరిదో నాకు తెలియదు. ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది కదా" అంది. అని, కొంచెం కోపంగానే, "మీరు మాట్లాడరు, ఆవిడంటే మీకు పడదు, మీరంటే ఆ పళ్ళబండాయనకి పడదు. ఈ వరసలో ఎవరికెవరూ కారని రాసుకున్నాను నేను. అది తప్పయితే చెప్పండి మరి" అంది.

ఎవరికెవరూ కారా! నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది. నెలల తరబడి సూది జరిపిన చేతులివి. ఇటుపక్క పదో గడిలో, లేని చదువు గురించి ఏడ్చిన మనిషి పేజీలకెక్కింది, మేమేమో ఎవరికెవరం కామని అచ్చవబోతోంది. నిజం చెప్పాలంటే నాకు ఆ పేజీల మీద కూడా కన్నుంది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదీ ఉంది.

"కూర్చో," అన్నాను, "నా దగ్గర కూర్చో. రాసుకో." మొత్తం చెప్పాను. తుంటి, మంచం, గ్లాసు, సగం టీ, మీగడ, సూది, సోమవారం, నీళ్ళకి వెళ్ళాడు అనే మాట. ఇరవై రెండేళ్ళు ఒక్క తలుపు సంగతి బయటపెట్టనిదాన్ని, అన్నిటికంటే పెద్ద తలుపు బార్లా తీసిపెట్టాను. ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి. ఫోను కూడా ముందు పెట్టింది. నేను దాని వైపు వంగి మరీ మాట్లాడాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ ఎంతో తేలిగ్గా అనిపించింది. ఊరికి మా గొప్ప తెలుస్తుందనుకున్నాను. నా అంత బుద్ధి తక్కువది ఆ పసుపు గీతల మధ్య ఇంకొకతి లేదు.

నెల తిరిగాక ఒక బుధవారం రిజిస్టరు సారు వచ్చాడు. బుధవారం ఆయన రాడు. చంకలో పొడుగు పుస్తకం కాకుండా చేతిలో రంగుల పుస్తకం ఉంది. పన్నెండో గడి ముందు నిలబడి, స్టూలు చూశాడు, గ్లాసు చూశాడు.

"ఏడీ?" అన్నాడు.

"ఇప్పుడే లేచాడు సారూ, నీళ్ళకి..." అంది సాక్సుల వదిన.

"నోర్ముయ్." ఆయన ఎప్పుడూ అలా అనడు. పుస్తకం తెరిచి పైకి చదివాడు. 'మనసున్న ఫుట్‌పాత్' అని పేరు పెట్టింది దానికి. మొదటి వాక్యంలోనే నేనున్నాను. తాళంచెవులు చేసే ఒకావిడ మెరిసే కళ్ళతో ఈ రహస్యం చెప్పిందట. తర్వాత గ్లాసు. తర్వాత మీగడ. ఒక్క ముక్క కూడా వదల్లేదు. ప్రతి సోమవారం వచ్చే ఆఫీసరు ఆ గ్లాసు చూసి మోసపోయే తీరు భలే సరదాగా రాసింది.

వరసంతా నా వైపు తిరిగింది.  

"మోసపోయానట," అన్నాడు సారు.  "నాకు కళ్ళు లేవనుకున్నారా? మొదటి సోమవారమే ఆ గ్లాసు పట్టుకుని చూశాను. మంచులా ఉంది. అయినా టిక్కు పెట్టాను. ఆయన పడ్డాడని నాకు తెలియదా? ఆస్పత్రిలో మా అమ్మ పక్క మంచం ఆయనది. చూడనట్టుండటం నాకు మాత్రం తేలికా? మీరు అబద్ధం చెబుతారు, నేను నమ్ముతాను, అంతటితో అయిపోయేది. ఇప్పుడిది మా పెద్దసారు టేబుల్ మీదుంది. అచ్చయ్యాక ఎలా చూడనట్టుండను? నాకు మెమో ఇచ్చారు, తెలుసా?"

చాక్‌పీసుతో పన్నెండు మీద అడ్డంగా గీత కొట్టాడు. స్టూలు మడిచి గోడకి ఆనించాడు. వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగి, "మెరిసే కళ్ళు" అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

సామాను వదిన ముందు పడేసి ఆ అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే లేచి నిలబడి ఎంత సంబరపడిందో! అల్మారాలోంచి పది పుస్తకాలు తీసి నా చేతిలో పెట్టింది. "మీ కోసమే ఉంచానాంటీ. అందరికీ బాగా నచ్చింది."

పది పుస్తకాలూ టేబుల్ మీద పడేశాను. "గడి తీసేశారు" అన్నాను.

అర్థం కావడానికి దానికి కాసేపు పట్టింది. మొహం పాలిపోయింది. "నేను పేరు పెట్టలేదు కదా..."

"ఈ ఊళ్ళో ఫుట్‌పాత్ మీద గొడుగులు బాగుచేసేవాడు ఒక్కడే. పేరెందుకు?"

"మీరు రాయొద్దని చెప్పలేదు."

"చెప్పలేదు. రాసుకోమన్నాను. ఇప్పుడింకొకటి రాయి. తాళాలావిడ అబద్ధాలకోరు, గొప్పకి పోయి కథలల్లింది, అదంతా ఉత్తదే అని రాయి. నా పేరు కూడా పెట్టు. నీకు దణ్ణం పెడతాను."

కుర్చీలో కూర్చుండిపోయింది. "మీ మాటలు రికార్డు చేశాను. మా మేడమ్ విన్నారు. అబద్ధమని ఎలా రాయను ఆంటీ? నా ఉద్యోగం పోతుంది. కావాలంటే మున్సిపల్ ఆఫీసుకి ఉత్తరం రాస్తాను. ఇదెంత గొప్ప సంస్కృతో, దీన్నెలా కాపాడుకోవాలో..."

"సంస్కృతి!" అన్నాను. "మా గోడకి నోరు లేకుండా ఉన్నంతసేపూ బాగానే ఉందమ్మా అది. నువ్వింక ఏమీ రాయకు. అక్షరం ముక్క రాయకు." అక్కడ అందరూ చూస్తుండగానే వచ్చేశాను. ఏడుపు మెట్ల మీద వచ్చింది, కోపంతో వచ్చిన ఏడుపే అనుకున్నాను.

అక్కణ్ణించి బాబాయి ఇంటికి. మూడో అంతస్తు, ఒకే గది. ఎక్కడానికి నలభై ఒక్క మెట్లు, రోజూ గొడుగులు మోసినదాన్ని కాబట్టి లెక్క తెలుసు. బాబాయి కిటికీ పక్క మంచం మీద, ఒళ్ళో స్కూలు టీచరు గొడుగు. పిన్ని పొయ్యి దగ్గర. మంచం కింద దారపు ఉండలు, విరిగిన ఊచల డబ్బా, తుంటికి కట్టే బెల్టు. నిలబడే చెప్పాను. ఎలా నోరు జారానో, ఎందుకు జారానో, దాచకుండా చెప్పాను.

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "మా కొంప ముంచావే," అంది. "ఏం పోయేకాలమొచ్చిందే నీకు? తిండి పెట్టే చోటు. మూడో అంతస్తుకి గొడుగు పట్టుకుని ఎవడెక్కుతాడే?"

బాబాయి ఆఖరి కుట్టు వేసి, దారం పళ్ళతో కొరికి, గొడుగు ముడిచి నాకిచ్చాడు. "ఇది రేపు ఆవిడకిచ్చెయ్. ఇంకేవీ తేకు" అన్నాడు.

"బాబాయ్..."

"నువ్వు ఈ గుమ్మం ఎక్కకు."

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు.

తర్వాత వరస నన్ను వెలేసింది. వెలి అంటే ఎవరూ తిట్టకపోవడం. సాక్సుల వదిన పట్టా నీళ్ళు నా నెత్తిన కారినా నేనరవలేదు, నా ఆకురాయి ఎంత గీసినా ఆవిడ అరవలేదు. పొద్దున్నే ఆ తిట్లు లేక చెవులు దిబ్బళ్ళు పడ్డట్టుండేది. చిల్లర కావాలన్నా పళ్ళబండివాడి చేత అడిగించేది. పన్నెండో గడిలో ఫోను కవర్లవాడు వచ్చి చేరాడు. వాడి స్పీకరు రోజంతా ఒకే పాట అరిచేది. నాకు తగిన శాస్తే అనుకుని విన్నాను.

నాలుగు నెలలకి బాబాయి వచ్చాడు. చేతికర్ర, భుజాన పాత సంచి. రావడం రావడం తన గడి దగ్గరికే వచ్చి నిలబడ్డాడు, ముప్పై ఏళ్ళ అలవాటు. ఫోను కవర్లవాడు, "ఏ మోడల్ కావాలి తాతా?" అన్నాడు. బాబాయి అటూ ఇటూ చూశాడు. పోవడానికి ఆయనకి ఇంకో చోటు లేదు.

నేను లేచాను. నా డబ్బా, నా ఆకురాళ్ళు, తాళాల గుత్తులు అన్నీ ఒకవైపుకి లాగాను. చాక్‌పీసుతో నా గడి మధ్యలో గీత గీశాను. గోడకి ఆనించిన ఆయన స్టూలుని ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. తెచ్చి గీతకి అవతల వేశాను. ఆయన దాన్ని తనే కొంచెం తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. సంచి విప్పి పని మొదలుపెట్టాడు. 

సోమవారం సారు వచ్చి చాక్‌పీసు గీత చూశాడు. పేరున్న మనిషి పక్కన ఇంకొకరు కూర్చోకూడదని ఎక్కడా రాసిలేదు, రాయనిదాన్ని ఆయన అడగలేదు. నా పేరు దగ్గర టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

అలా వీపు చూస్తూ నెలలు గడిచాయి. మధ్యలో ఒకసారి ఆ నోట్‌బుక్ అమ్మాయి మళ్ళీ వచ్చింది, వెనకాల ఐదుగురు కొత్తవాళ్ళతో. వాళ్ళని దూరంగా నిలబెట్టి, బాబాయి ముందుకొచ్చి, "నన్ను క్షమించండి, ఆ గ్లాసు గురించి..." అని ఏదో అనబోయింది. "ఏ గ్లాసు? నాకు తెలియదమ్మా" అన్నాడాయన. సాక్సుల వదినని పలకరిస్తే, "నాకు నీళ్ళకెళ్ళాలి" అని లేచిపోయింది. పళ్ళబండివాడికి ఉన్నట్టుండి చెవుడొచ్చింది. చివరికి నా దగ్గరికొచ్చింది.

"తాళంచెవి కావాలా?" అన్నాను.

"వద్దక్కా" అంది. అక్కా అంది. అయినా నా గుండె కరగలేదు.

"అయితే వెలుతురుకి అడ్డం తప్పుకో" అన్నాను. ఈసారి రాసుకోలేదు. తప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ వానలకి నాకు జ్వరం పట్టుకుంది. రెండు వారాలు మంచం దిగలేదు. మా ఆయన పన్లోకి వెళ్ళేముందు ఫుట్‌పాత్ మీదుగా వెళ్ళి చూసొచ్చాడు. "నీ స్టూలు మడిచే ఉంది," అన్నాడు, "గ్లాసూ లేదు, గీసూ లేదు." రెండు సోమవారాలు, రెండు సున్నాలు. పక్కనే బాబాయి కూర్చున్నాడు. సారు నా గురించి అడిగితే, "రాలేదు" అన్నాడట. ఉన్నమాటే. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆయన్ని ఏమనడానికి నాకేం హక్కుంది?

జ్వరం తగ్గి తిరిగెళ్ళిన రోజు సాక్సుల వదిన నాకు వినబడేలా బాబాయితో అంది. "రెండు పడ్డాయి. ఇంకొక్కటి పడితే గడి ఖాళీ. ఖాళీ అయిన గడిలో ముందునుంచీ పనిచేసేవాడికే ఇస్తారట, సారు చెప్పాడు. గడంతా నీకే, పేరు మీద." బాబాయి వీపు కదల్లేదు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికే వచ్చి సామాను పరిచాను. చావనైనా చస్తాను గానీ కదలను అనుకున్నాను. తొమ్మిదిన్నరకి వెనక సందులోంచి ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. వాళ్ళత్తగారు వంటగదిలో తలుపు పడి ఇరుక్కుపోయిందట, పొయ్యి మీద నూనె పెట్టి ఉందట, తాళం తిరగట్లేదట. ఇలాంటప్పుడు రానని ఎలా అంటాను? సంచి తీసుకుని పరిగెత్తాను. పాత తాళం, లోపల స్ప్రింగు విరిగి అడ్డం పడింది. తలుపు సందుల్లోంచి పొగ. ముసలావిడ లోపల్నించి దగ్గుతోంది. తీసేసరికి పది దాటి పావుగంట. పొయ్యి ఆర్పి, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, ఒక్క పరుగున వెనక్కొచ్చాను.

గోడ మలుపు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. సారు పదకొండో గడి ముందు నిలబడి ఉన్నాడు. పుస్తకం తెరిచి ఉంది.

"తాళాలావిడేదీ?" అన్నాడు.

సాక్సుల వదిన సాక్సులు సర్దుకుంటోంది, తలెత్తలేదు.  బాబాయి వీపు నాకు కనబడుతోంది, సూది ఎక్కి దిగుతోంది. ఊరుకుంటే చాలు, గడంతా ఆయనదే. నేను అరిచి చెప్పొచ్చు, ఇక్కడున్నానని. చెప్పలేదు. ఆయన ఏమంటాడో వినాలని ఉంది నాకు, గడి పోయినా సరే.

"ఇప్పుడే లేచింది సారూ," అన్నాడు బాబాయి, తలెత్తకుండానే. "నీళ్ళకి వెళ్ళింది."

అప్పుడు చూశాను. నా స్టూలు పక్కన గ్లాసు ఉంది. సగం.

సారు వంగి గ్లాసు పట్టుకుని చూశాడు. మళ్ళీ పెట్టేశాడు. టిక్కు పెట్టి ముందుకు నడిచాడు. గోడ మలుపు దగ్గర నేను చేతులకి మసితో, సంచితో నిలబడి ఉన్నాను. నా ముందు నుంచే వెళ్ళాడు, పుస్తకంలోకి చూసుకుంటూ. చూడనట్టుండటం ఆయనకి బాగానే చేతనవును.

వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. మనిషి లేచి ముప్పావుగంట అయింది. టీ మీద మీగడ కట్టలేదు.

"బాబాయ్" అన్నాను.

వీపు తిప్పలేదు. "నీతో నాకు మాటల్లేవు," అన్నాడు. "గ్లాసు కడిగి వదినకి ఇచ్చెయ్."

గ్లాసు తీసుకుని లేచాను. నిజంగానే నీళ్ళకి వెళ్ళాను.